తొమ్మిదో ట్యాంకు పక్కన చుక్క

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక రొయ్యపిల్లల కేంద్రానికి కంప్యూటరు పని మీద వచ్చిన ఫణీంద్ర చురుకైనవాడే గాని, తీసినదాన్ని తీసినచోట పెట్టే అలవాటు మాత్రం లేనివాడు.

కుర్చీ జరిపితే జరిపినట్టే వదిలేసేవాడు. ఎవరి దగ్గరైనా పెన్ను తీసుకుంటే అది అతని జేబులోనే ఊరు దాటేది. ట్యాంకుల షెడ్డు గుమ్మం దగ్గర, బయటి రోగాలు లోపలికి రాకుండా కాళ్లు ముంచి రావడానికి మందునీళ్ల పళ్లెం ఒకటి ఉండేది. బ్యాగుకు అడ్డమని దాన్ని కాలితో పక్కకు నెట్టి లోపలికి వచ్చేవాడు. వెనక వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ గుమ్మానికి ఎదురుగా జరుపుకునేవాళ్లు. అతనికెప్పుడూ తొందరే. కూర్చుంటే మోకాలు ఆడుతూ ఉండేది. నిలబడితే ఫోను మోగుతూ ఉండేది. ఇక్కడి పని పది రోజుల్లో ముగించి విజయవాడలో ఇంకో పెద్ద పనిలో చేరాలి. ఆ పని ఇప్పించింది కూడా ఈ కేంద్రం మేనేజరు గోవర్ధనరావే. శుక్రవారం మధ్యాహ్నం మూడింటి బస్సు ఎక్కేయాలని ఫణీంద్ర మొదటి రోజే అనుకున్నాడు.

షెడ్డులో పదహారు ట్యాంకులు ఉండేవి. ఒక్కో ట్యాంకులో లక్షల కొద్దీ రొయ్యపిల్లలు, కంటికి ఆనీ ఆననట్టు, వెంట్రుక ముక్కల్లా ఈదుతూ ఉండేవి. వాటికి ఊపిరి అందాలంటే నీళ్లలోకి గాలి పోతూ ఉండాలి. బయట ఒక పెద్ద బ్లోయరు పగలూ రాత్రీ గాలి కొడుతూ ఉండేది. గొట్టాలు బుసబుసలాడుతూ ఉండేవి. ఆ రొదలో కొంచెం దూరాన ఉన్న మనిషి పిలిచినా వినపడేది కాదు. అందుకే అక్కడి పని మాటల మీద కాక గుర్తుల మీద నడిచేది.

గాలి గొట్టాలు చూసే నాంచారయ్యకు అరవై ఏళ్లు దాటాయి. అతని చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. గొట్టం చివర పాచి పట్టినప్పుడు వాల్వు మూసి, శుభ్రం చేసి, మళ్లీ తెరవాలి. ఏ వాల్వు పిడి మీద చెయ్యి వేయాలన్నా అతను ముందు తువ్వాలుతో గొట్టం తుడిచేవాడు. పిడి ఎక్కడ ఉందో అక్కడ సుద్దతో గీత గీసేవాడు. ఆ తర్వాతే పిడి తిప్పేవాడు. పని అయ్యాక పిడిని సరిగ్గా గీత మీదికి తెచ్చి, కాసేపు బుడగలు చూసి, అప్పుడు గీత తుడిచేసేవాడు.

వచ్చిన మూడో రోజు ఫణీంద్ర నాలుగో ట్యాంకు పక్కన ఫోనులో మాట్లాడుతున్నాడు. బుస ఎక్కువగా ఉండటంతో అవతలి మాట వినపడలేదు. పక్కనే ఉన్న పిడిని కొంచెం కిందికి తిప్పాడు. బుస తగ్గింది. మాట్లాడటం అయ్యాక ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోబోయాడు. నాంచారయ్య వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"బాబూ, ఈ పిడి ఎంత తిప్పారు?" అని అతని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"కొంచెమే పెద్దాయనా."

"కొంచెం అంటే వేలెడా, బెత్తెడా?"

"చూసుకోలేదు. మీరు సర్దేయండి."

"సర్దేస్తాను. ఎక్కడికి సర్దాలో చెప్పండి మరి."

నాంచారయ్య నీళ్లలోకి వంగి, బుడగలు చూసుకుంటూ పిడిని వెంట్రుకవాసి చొప్పున పైకి జరిపాడు. అందుకు పావుగంట పట్టింది.

"ఇన్నేళ్లుగా చేస్తున్నారు కదా, ఈ గీతలన్నీ ఎందుకు? మీకు గుర్తుండదా?" అన్నాడు ఫణీంద్ర, తన ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి.

"ఉంటుంది. మధ్యలో నేను టీ తాగడానికి వెళ్తే నాతోపాటు నా గుర్తూ వెళ్తుంది. గీత ఇక్కడే ఉంటుంది" అన్నాడు నాంచారయ్య. మళ్లీ సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, "మీ గదిలో మీరు ఏది ఎటు తిప్పుకున్నా అడగను బాబూ. ఇక్కడ ఒక్కో పిడికి ఒక్కో ట్యాంకు ప్రాణం కట్టి ఉంది" అని వెళ్లిపోయాడు.

ఫణీంద్ర నవ్వుకున్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాడు.

షెడ్డు మధ్యలో ఒక బల్ల మీద కంప్యూటరు ఉండేది. ఉప్పుగాలికి మౌసులు మూడు నెలలు కూడా బతకడం లేదని దానికి మౌసు పెట్టలేదు. నల్లని తెర మీద పచ్చని అక్షరాలు, అంతే. తెర మీద పదహారు ట్యాంకులకు పదహారు వరసలు. ఎస్తేరు అనే ఆవిడ రోజుకు నాలుగుసార్లు ట్యాంకులన్నీ తిరిగి, నీళ్లలో గాలి ఎంత ఉందో కొలిచి ఆ అంకె కొట్టేది. పాత అంకె మీదే కొత్తది కొట్టడం అక్కడి పద్ధతి. అంకె నాలుగు కన్నా తగ్గితే ఆ వరస పక్కన ఒక చుక్క పడేది. నాంచారయ్య అటుగా వచ్చినప్పుడల్లా తెర వైపు చూసేవాడు. చుక్క పడిన ట్యాంకు దగ్గరికి వెళ్లి గాలి పెంచి, తిరిగి వచ్చి మీట నొక్కి ఆ చుక్క తీసేసేవాడు. తొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఆ చుక్కే మాట. పదహారు ట్యాంకులూ తిరగడానికి గంట పైన పట్టేది. అంతా అయ్యాక ఎస్తేరు ఒక మీట నొక్కితే ఆ పేజీ మొత్తం ఫైల్లోకి చేరేది.

గోవర్ధనరావు అడిగిన పని చిన్నదే. మందు మోతాదు లెక్క కట్టడానికి తెర మధ్యలో ఒక పెట్టె తెరుచుకోవాలి. లెక్క అయ్యాక మూసుకోవాలి. తెరుచుకున్నప్పుడు ఆ పెట్టె ఆరో వరస నుంచి పదకొండో వరస దాకా కప్పేస్తుంది. కాబట్టి పెట్టె తెరిచేముందు తెర మీద ఉన్నదంతా ఒక పక్కన దాచిపెట్టాలి. పెట్టె మూసిన వెంటనే దాచినదాన్ని ఏ అక్షరం ఎక్కడ ఉందో అక్కడే తిరిగి పెట్టాలి. ఈ సంగతి ఫణీంద్రకు బాగా తెలుసు. చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

కాని గురువారం సాయంత్రానికి అతనికి ఓపిక అయిపోయింది. విజయవాడ నుంచి అప్పటికే నాలుగుసార్లు ఫోను వచ్చింది. దాచడం, తిరిగి పెట్టడం రాయాలంటే మరో పూట పడుతుందనిపించింది. దగ్గర దారి ఒకటి తట్టింది. పెట్టె మూసుకోగానే తెర మొత్తం తుడిచేసి, ఫైల్లో ఉన్న పేజీని మళ్లీ తెచ్చి పెడితే సరిపోతుందనుకున్నాడు. అలాగే రాశాడు. పెట్టె తెరిచి చూశాడు, మూసి చూశాడు. అంకెలన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఉండవా మరి, అతను కొత్తగా ఒక్క అంకె కూడా కొట్టలేదు. ప్రోగ్రాములో ఆ చోట మాత్రం తన కోసం ఒక ముక్క రాసుకున్నాడు: 'కింద ఉన్నది దాచాలి. తర్వాత.'

శుక్రవారం పొద్దున కొత్త ప్రోగ్రాము ఎక్కించాడు. ఎస్తేరుకు మీటలు చూపించాడు.

"లెక్క అయ్యాక ఇది నొక్కితే పెట్టె పోతుందా సార్?" అంది ఆవిడ.

"పోతుంది. మీ పేజీ మీకు వచ్చేస్తుంది."

"నా పేజీయేనా?"

"ఇంకెవరిది వస్తుందండీ" అని ఫణీంద్ర వాచీ చూసుకున్నాడు.

పదకొండింటికి ఎస్తేరు ట్యాంకుల చుట్టూ బయలుదేరింది. అలవాటు ప్రకారం అంకెలు అరచేతిలో పెన్నుతో రాసుకుని, రెండు మూడు ట్యాంకులకోసారి వచ్చి కొట్టింది. తొమ్మిదో ట్యాంకులో గాలి మూడు పాయింట్ రెండే ఉంది. గొట్టానికి పాచి పట్టినట్టుంది. ఆవిడ అంకె కొట్టింది. పక్కన చుక్క పడింది. నాంచారయ్య సముద్రపు నీళ్లు తోడే పంపు దగ్గర ఉన్నాడు, కాసేపట్లో వస్తాడు, చుక్క చూస్తాడు అనుకుంది. ఈలోగా పన్నెండో ట్యాంకుకు మందు వేసే సమయమైంది. కొత్త పెట్టె తెరిచి మోతాదు కట్టింది. పెట్టె మూసింది. మందు తూయడానికి అటు తిరిగింది.

ఆవిడ వెనక తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ పచ్చగా వెలిగింది. వచ్చింది పొద్దున ఆరింటి పేజీ. తొమ్మిదో వరసలో అయిదు పాయింట్ ఆరు అని ఉంది. చుక్క లేదు. పైన గడియారం మాత్రం ఇప్పటి సమయమే చూపిస్తోంది.

నాంచారయ్య వచ్చాడు. తెర చూశాడు. చుక్క కనిపించకపోయేసరికి నిశ్చింతగా మళ్లీ పంపు దగ్గరికి వెళ్లాడు. ఎస్తేరు మందు వేసి వచ్చి, మిగిలిన ట్యాంకుల అంకెలు పాతవాటి మీద కొట్టి, మీట నొక్కింది. చుక్క లేకపోవడం గమనించింది గాని, నాంచారయ్య బాబాయి గాలి పెంచి ఉంటాడు, చుక్క తీసేసి ఉంటాడు అనుకుంది. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం.

ఒంటిగంటన్నరకు మేత వేయబోతూ ఎస్తేరు తొమ్మిదో ట్యాంకులో గాజు గ్లాసు ముంచి వెలుగుకు ఎత్తి చూసింది. పిల్లలు ఈదడం లేదు. గ్లాసు అడుగున తెల్లగా పేరుకుంటున్నాయి. ఆవిడ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

నాంచారయ్య పిడి పూర్తిగా తెరిచాడు. ఇద్దరు పనివాళ్లు బతికి ఉన్న పిల్లలను వలగుడ్డతో ఖాళీ ట్యాంకులోకి మార్చారు. సగానికి పైగా పోయాయి. మర్నాడు ఆ పిల్లల కోసం చెరువుల వాళ్లు రావలసి ఉంది.

గోవర్ధనరావు తెర ముందు నిలబడి ఎస్తేరును పిలిచాడు.

"తొమ్మిది దగ్గరికి వెళ్లావా అమ్మా?"

"వెళ్లాను సార్. మూడూ రెండు వచ్చింది. కొట్టాను. చుక్క కూడా పడింది."

"ఇదిగో, అయిదూ ఆరని ఉంది. పొద్దున కొట్టిందే ఉంది."

"కొట్టాను సార్" అని ఆవిడ అరచెయ్యి చూసుకుంది. ట్యాంకు ట్యాంకుకూ చేతులు మందునీళ్లలో ముంచాలన్నది అక్కడి నియమం. అరచేతిలో ఏ అంకే లేదు.

"నాంచారయ్యా, నువ్వు చూశావా చుక్క?"

నాంచారయ్య ఎస్తేరు వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "లేదండి" అన్నాడు చివరికి.

"బాబాయ్, ఉంది. నేను చూసి మరీ కదిలాను" అంది ఎస్తేరు.

"నేను వచ్చేసరికి లేదమ్మా. ఉంటే ఆగేవాణ్ణి కదా. నా కళ్లే పోయాయో ఏమిటో." అతను కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"మిషనుకు నీ మీద పగేమీ లేదుగా" అన్నాడు గోవర్ధనరావు ఎస్తేరుతో. "వెళ్లకుండానే వెళ్లానంటున్నావు. నాకు అదే నచ్చలేదు. రేపటి నుంచి రావొద్దు."

ఎస్తేరు ఏడవలేదు. ఆవిడ కూతుళ్లిద్దరూ అవనిగడ్డ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. రోజూ ఈ వేళకు వాళ్లకు ఫోను చేసేది. ఫోను చేతిలోకి తీసుకుని, ఏం చెప్పాలో తెలియక, మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఫణీంద్ర బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఉన్నాడు. రెండూ నలభై అయింది. కరకట్ట మీద బస్సు ఎప్పుడైనా కనిపించవచ్చు. అతని కాలు కుదురుగా లేదు. 'పొద్దున కొట్టిందే ఉంది' అన్న మాట చెవిలో పడ్డప్పటి నుంచి అతనికి తను రాసిన దగ్గర దారే గుర్తొస్తోంది. అందరూ ట్యాంకు దగ్గరికి వెళ్లగానే బల్ల దగ్గరికి వచ్చాడు. తొమ్మిదో వరసలో మూడూ రెండు కొట్టాడు. చుక్క పడింది. పెట్టె తెరిచాడు. మూశాడు. అయిదూ ఆరు. చుక్క లేదు.

ఇంకోసారి చేశాడు. మళ్లీ అంతే.

చుట్టూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరు. బ్లోయరు రొద తప్ప ఏమీ లేదు. ఇది ఎవరికీ తెలియదు, తను చెప్తే తప్ప తెలిసే దారి కూడా లేదు. విజయవాడ వెళ్లాక తీరిగ్గా సరిచేసి పంపించవచ్చు. బ్యాగు పట్టీ భుజం మీద సర్దుకున్నాడు. గుమ్మం దాకా నడిచాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడి నుంచి నాంచారయ్య కనిపించాడు. ముసలాయన కళ్లజోడు పెట్టుకోవడం, తీయడం, దూరంగా ఉన్న తెర వైపు కళ్లు చిట్లించి చూడటం, చేస్తున్న పని అదే. తొమ్మిదేళ్లు చుక్కను నమ్మిన మనిషి ఇప్పుడు తన కళ్లను నమ్మడం మానేశాడు. అటు ఎస్తేరు తన అరచెయ్యి చూసుకుంటోంది.

కరకట్ట మీద బస్సు హారను వినిపించింది. ఫణీంద్ర బ్యాగు కింద పెట్టాడు.

వెళ్లి ముగ్గురినీ బల్ల దగ్గరికి పిలుచుకొచ్చాడు. ఏమీ చెప్పకుండా మూడూ రెండు కొట్టాడు. చుక్క పడింది. పెట్టె తెరిచి మూశాడు. చుక్క పోయింది.

"ఎస్తేరు గారు కొట్టారు. నాంచారయ్య గారు చూశారు. ఇద్దరూ నిజమే చెప్పారు" అన్నాడు. "మధ్యలో తుడిచేసింది నేను."

గోవర్ధనరావు తెరను చూసి అతన్ని చూశాడు. "ఇలా అవుతుందని నీకు తెలియదా?"

తెలియదనవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కాని ప్రోగ్రాములో తను రాసుకున్న ముక్క కళ్ల ముందు మెదిలింది.

"తెలుసు. తర్వాత చేద్దామని వదిలేశాను."

బస్సు వచ్చి వెళ్లిపోయింది. గోవర్ధనరావు ముందు ఎస్తేరు వైపు తిరిగాడు. "నేనన్న మాట తప్పమ్మా. రేపు ఎప్పట్లాగే రా" అన్నాడు. ఆ తర్వాత ఫణీంద్రతో, "నీ గురించి విజయవాడ వాళ్లకు మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటాను. నువ్వు దాచకుండా చెప్పావు కాబట్టి ఇక్కడి పని మాత్రం నీ చేతే పూర్తి చేయిస్తాను" అని వెళ్లిపోయాడు.

ఫణీంద్ర కూర్చున్నాడు. పెట్టె తెరుచుకునేముందు తెర మీది ప్రతి అక్షరాన్నీ, ప్రతి చుక్కనూ, చివరికి అంకె కొట్టేచోట మినుకుమినుకుమనే గీత ఏ వరసలో ఆగి ఉందో దాన్ని కూడా దాచేలా రాశాడు. పెట్టె మూసుకోగానే అన్నీ వాటి చోట్లలోకి వచ్చేలా రాశాడు. ఒక పూట పడుతుందని భయపడిన పని గంటన్నరలో అయిపోయింది. ఆ సంగతి అతన్ని విజయవాడ పని పోవడం కన్నా ఎక్కువ బాధపెట్టింది.

"ఎస్తేరు గారూ, ఈసారి మీరే పరీక్షించండి. మీ ఇష్టం వచ్చిన అంకెలు కొట్టండి."

ఎస్తేరు పదహారు వరసల్లోనూ కొత్త అంకెలు కొట్టింది. తొమ్మిది దగ్గర మూడూ రెండు. చుక్క పడింది. పెట్టె తెరవబోతుంటే నాంచారయ్య "ఉండమ్మా" అన్నాడు. తువ్వాలుతో తెర అద్దం తుడిచాడు. చెవి మీది సుద్దముక్క తీసి, చుక్క పక్కనే అద్దం మీద ఒక గీత గీశాడు.

"ఇప్పుడు తెరువు."

పెట్టె తెరుచుకుంది. వరసలు కప్పుకుపోయాయి. గీత ఒక్కటే మిగిలింది. ఎస్తేరు మీట నొక్కింది. పెట్టె మూసుకుంది. నాంచారయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. గీత పక్కన, సరిగ్గా ఉన్నచోటనే, చుక్క ఉంది.

"కనిపించిందా బాబాయ్?" అంది ఎస్తేరు.

"కనిపించింది. నా కళ్లు బాగానే ఉన్నాయి" అన్నాడు నాంచారయ్య. ఫణీంద్రను చూసి, "మీకూ గీత గీయడం వచ్చిందే బాబూ" అన్నాడు. అని, అద్దం మీది గీత తుడిచేశాడు.

ఆ సాయంత్రం ఫణీంద్ర కుర్చీని బల్ల కిందికి జరిపాడు. జేబులోని పెన్ను తీసి ఎస్తేరుకు తిరిగి ఇచ్చాడు. గుమ్మం దగ్గర మందునీళ్ల పళ్లెం మధ్యాహ్నం తను నెట్టినచోటే గోడ వారగా ఉంది. ఆ గొడవలో దాన్ని జరిపే తీరిక ఎవరికీ చిక్కలేదు. వంగి, రెండు చేతులా పట్టుకుని, గుమ్మానికి ఎదురుగా పెట్టి, కాళ్లు ముంచి బయటికి నడిచాడు.

ఇంకొకరి చోటులో చెయ్యి పెట్టేవాడు అక్కడ ఏది ఎలా ఉందో ముందుగా భద్రపరచుకోవాలి, పని ముగియగానే దాన్ని అలాగే తిరిగి పెట్టాలి. తర్వాత చూద్దామని వదిలేస్తే ఆ బరువు ఏ తప్పూ చేయనివాళ్ల నెత్తిన పడుతుంది.